ఎండు పాస్తా, ఉడికిన పాస్తా: క్యాలరీల లెక్క ఎక్కడ తప్పుతోంది

ప్లేటులో 200 గ్రాముల పాస్తా ఉంది. ఫోన్‌లో క్యాలరీల యాప్ తెరిచి ‘పాస్తా, 200 గ్రాములు’ అని కొడితే వరసగా చాలా పేర్లు వస్తాయి. ఒకదాని కింద దాదాపు 316 క్యాలరీలని ఉంటుంది, ఇంకోదాని కింద 710 అని ఉంటుంది. రెండూ సరైన అంకెలే. మొదటిది ఉడికిన పాస్తాది, రెండోది ప్యాకెట్లోంచి తీసిన ఎండు పాస్తాది. తొందరలో ఏది కనబడితే అది నొక్కేస్తే ఒక్క పూటలోనే దాదాపు 400 క్యాలరీలు అటో ఇటో అయిపోతాయి. బరువు తగ్గాలని రోజుకు 300, 400 క్యాలరీలు తగ్గించుకుంటున్న మనిషికి ఆ ఒక్క ఎంట్రీతో రోజంతా పడ్డ కష్టం లెక్కలో కనబడకుండా పోతుంది.

పాస్తా విషయంలో జరిగే తప్పులన్నిటికీ మూలం నీళ్లు. మాంసం వండితే బరువు తగ్గుతుంది, పాస్తా వండితే బరువు పెరుగుతుంది. ఆ పెరిగిన బరువంతా నీరే, దానిలో క్యాలరీ అన్నదే లేదు. ఈ ఒక్క విషయాన్ని పట్టుకుంటే మిగతా లెక్కంతా తేలికైన కూడికలు, భాగహారాలే.

ముందు ఎండు పాస్తాలో ఏముందో చూడాలి. మామూలు ఎండు పాస్తాను డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వను నీళ్లతో కలిపి, అచ్చుల్లోంచి తీసి, ఆరబెట్టి తయారు చేస్తారు. ఇటలీ చట్టం ప్రకారం ఎండు పాస్తాలో తేమ 12.5 శాతం మించకూడదు. తేమ అంత తక్కువగా, దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టే ఏ కంపెనీ ప్యాకెట్ తిప్పి చూసినా 100 గ్రాములకు 350 నుంచి 370 క్యాలరీల మధ్యే కనిపిస్తుంది. ఆ అంకె ఎలా వస్తుందో ఎవరైనా చేసి చూసుకోవచ్చు. 100 గ్రాముల్లో 71 గ్రాముల పిండిపదార్థం, 13 గ్రాముల ప్రొటీన్, గ్రామున్నర కొవ్వు, 3 గ్రాముల పీచు ఉందనుకుందాం. పిండిపదార్థానికీ ప్రొటీన్‌కూ గ్రాముకు 4, కొవ్వుకు 9, పీచుకు 2 చొప్పున వేస్తే 355 వస్తుంది. ఈ 4, 9, 4 అనే గుణకాలు 19వ శతాబ్దం చివర్లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త విల్బర్ అట్వాటర్ చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి. ఇప్పటికీ లేబుళ్ల మీద క్యాలరీలను ప్రధానంగా ఈ పద్ధతిలోనే లెక్కకడుతున్నారు. ఈ వ్యాసంలోని ఉదాహరణలన్నిటికీ ఆ 355 అంకెనే వాడుకుందాం.

లేబుల్ చదివేటప్పుడు ఇంకో చిన్న జాగ్రత్త కూడా అవసరం. కొన్ని దేశాల ప్యాకెట్ల మీద శక్తికి ఇంకో కొలమానమైన కిలోజౌల్ అంకె ముందు ఉంటుంది, క్యాలరీల అంకె దాని పక్కన ఉంటుంది. ఆహారం లెక్కలో ఒక క్యాలరీ (లేబుల్ మీద kcal) అంటే 4.184 కిలోజౌల్స్. పాస్తా ప్యాకెట్ మీద 1,500కు దగ్గరగా అంకె కనబడితే అది కిలోజౌల్సే తప్ప క్యాలరీలు కాదు.

ఇక నీళ్ల సంగతి. 100 గ్రాముల ఎండు పాస్తా ఉడికాక ఎంత తూగుతుందన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మామూలుగా రెండింతల నుంచి రెండున్నర ఇంతల వరకు అవుతుంది. కొరికితే లోపల కాస్త పలుకు తగిలేలా దించితే 210 గ్రాములు ఉండొచ్చు. మరో నాలుగైదు నిమిషాలు ఎసట్లోనే వదిలేసి మెత్తబడనిస్తే 250 దాటిపోవచ్చు. ఆకారాన్ని బట్టీ, పాస్తా మందాన్ని బట్టీ, నీళ్లు ఎంత బాగా వార్చారన్నదాన్ని బట్టీ ఇది మారుతుంది. గొట్టాల్లాంటి ఆకారాల లోపల, గవ్వల్లాంటి వాటి మడతల్లో కొంత నీరు నిలిచిపోతుంది. చిల్లుల గిన్నెను రెండుసార్లు కుదిపి తూచిన బరువూ, కుదపకుండా తూచిన బరువూ ఒకటి కావు.

యాప్‌లలో ‘ఉడికిన పాస్తా’ పేరుతో ఉండే అంకె చాలావరకు 100 గ్రాములకు 158 క్యాలరీల దగ్గర ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ వారి ఆహార పట్టికల్లోని సగటు అది. ఎండు పాస్తాకు ఆ పట్టిక ఇచ్చే 371ని 158తో భాగిస్తే 2.35 వస్తుంది. అంటే ఆ అంకె వెనక, పాస్తా బరువు 2.35 రెట్లు అయ్యేంతవరకు ఉడికిందన్న ఊహ ఉంది. ఇంట్లో వండే పాస్తా ఆ ఊహకు దగ్గరగా ఉంటే 158 బాగానే పనిచేస్తుంది. దూరంగా ఉంటే పనిచేయదు. పలుకు మీద దించి 2.1 రెట్ల దగ్గర ఆపిన పాస్తాలో 100 గ్రాములకు 169 క్యాలరీలు ఉంటాయి. బాగా మెత్తబడి 2.6 రెట్లైన దానిలో 137 ఉంటాయి. రెండిటినీ ఒకే పేరు కింద రాస్తే లెక్క దాదాపు అయిదో వంతు తేడా వస్తుంది.

అందుకే ఎండుగా ఉన్నప్పుడే తూచాలన్నది మొదటి సూత్రం. నీళ్లు తగలకముందు తూచిన 80 గ్రాములు ఎంత ఉడికినా, ఎంత ఉబ్బినా, వార్చాక 170 తూగినా 205 తూగినా 284 క్యాలరీలే. వంటలో ఏం జరిగిందన్న బెంగ ఉండదు. ప్యాకెట్ వెనక ఉన్న అంకె కూడా సాధారణంగా ఎండు పాస్తాకు సంబంధించిందే కాబట్టి, దాన్ని ఏ మార్పూ లేకుండా నేరుగా వాడుకోవచ్చు.

ఒక్కరికే వండుకునేవాళ్లకు ఇంతకు మించి అక్కర్లేదు. చిక్కంతా నలుగురికి కలిపి ఒకే గిన్నెలో వండినప్పుడు వస్తుంది. అప్పుడు ఎవరి ప్లేటులోకి ఎంత వెళ్లిందో ఎండు తూకం చెప్పదు. చాలామంది ఇక్కడే విసిగిపోయి, యాప్‌లో చేతికందిన అంకె నొక్కేస్తారు. నిజానికి దీనికి ఒక్క భాగహారం చాలు. వండే ముందు ఎండు పాస్తా మొత్తం తూచి రాసి పెట్టుకోవాలి. అది 320 గ్రాములు అనుకుందాం. వార్చాక, సాస్ కలపకముందు, మొత్తాన్ని మళ్లీ తూచాలి. అది 736 గ్రాములు వచ్చింది. ఇప్పుడు ఒకరి ప్లేటులో 210 గ్రాములు వడ్డించారు. 736లో 210 అంటే 28.5 శాతం. 320లో 28.5 శాతం అంటే 91 గ్రాముల ఎండు పాస్తా. దాని క్యాలరీలు 324. మిగతావాళ్లు ఎంత తిన్నారన్నది పట్టించుకోవాల్సిన పనే లేదు.

అదే 210 గ్రాముల ప్లేటును, పాస్తాను వేరే విధంగా ఉడికించి చూద్దాం. 320 గ్రాములు పలుకు మీద దించితే 672 తూగాయి. అప్పుడు 210 గ్రాముల వడ్డనలో 100 గ్రాముల ఎండు పాస్తా ఉంటుంది, 355 క్యాలరీలు. మెత్తగా ఉడికి 832 తూగాయి. అప్పుడదే 210లో 81 గ్రాములే ఉంటుంది, 287 క్యాలరీలు. వడ్డించిన బరువు ఒకటే, ప్లేటు చూడ్డానికీ ఒకేలా ఉంటుంది, క్యాలరీల్లో మాత్రం 68 తేడా. ఆ 210ని పొరపాటున ఎండు పాస్తా కింద రాస్తే 745 అవుతుంది. తప్పుల్లో ఏది చిన్నదో, ఏది పెద్దదో ఈ అంకెల్లోనే తెలిసిపోతుంది. ఉడికే తీరు వల్ల వచ్చే తేడా పదుల్లో ఉంటే, ఎండుకూ ఉడికినదానికీ మధ్య పొరబడితే తేడా వందల్లోకి పోతుంది.

ఈ పద్ధతిలో రెండు చిన్న మెలకువలు పనికొస్తాయి. ఖాళీ గిన్నె బరువు ముందే తూచి ఎక్కడైనా రాసుకుంటే వేడి గిన్నెలోంచి పాస్తాను ఇంకో పాత్రలోకి మార్చే పని తప్పుతుంది. మొత్తం బరువులోంచి గిన్నె బరువు తీసేస్తే సరిపోతుంది. ఇంకోటి, ఒకే కంపెనీ, ఒకే ఆకారం, ఒకే సమయం పెట్టి వండే అలవాటున్న ఇంట్లో రెండు మూడుసార్లు ఇలా తూచి చూస్తే ఆ ఇంట్లో పాస్తా బరువు ఎన్ని రెట్లు అవుతుందో తేలిపోతుంది. అది 2.2 అయితే, ఆపైన ఉడికిన బరువును 2.2తో భాగిస్తే ఎండు బరువు వచ్చేస్తుంది.

స్కేల్ లేకుండా కళ్లతో కొలవడం సంగతి చూద్దాం. స్పగెట్టీకి చాలాకాలంగా ప్రచారంలో ఉన్న చిట్కా ఏమిటంటే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఓ చిన్న సున్నా చుట్టి, అందులో పట్టినన్ని పోగులు ఒకరికి సరిపోతాయని. ఆ సున్నా అమెరికా క్వార్టర్ నాణెమంత ఉండాలని, అప్పుడు లేబుల్ మీద చెప్పే 56 గ్రాముల వడ్డన వస్తుందని అంటారు. ఇది నిజమో కాదో లెక్కగట్టి చూడొచ్చు. 25 సెంటీమీటర్ల పొడవు, 1.8 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక స్పగెట్టీ పోగు దాదాపు 0.9 గ్రాములు తూగుతుంది. అంటే 56 గ్రాములకు అరవై పోగులు సరిపోతాయి. అరవై పోగులను కట్టగా పట్టుకుంటే దాని అడ్డుకొలత 16 నుంచి 18 మిల్లీమీటర్లే ఉంటుంది. క్వార్టర్ నాణెం అడ్డుకొలత 24 మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ నాణెం నిండేలా పోగులు పట్టుకుంటే, కాస్త వదులుగానే పట్టినా, 110 గ్రాముల దాకా వస్తాయి. 56 గ్రాములు, 200 క్యాలరీలని రాసుకున్నచోట నిజంగా 390 పడుతుంది. చిట్కా ఎంత ప్రచారమైందో, లెక్కలో అంత తేలిపోయింది. నమ్మకం కుదరనివాళ్లు పోగులు లెక్కపెట్టి, తూచి చూసుకోవచ్చు. అయిదు నిమిషాల పని.

వృత్తాకారపు కొలతలన్నిటిలోనూ ఉన్న ఇబ్బంది ఇదే. పాస్తా బరువు అడ్డుకొలతతో పాటు పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. కట్ట అడ్డుకొలత 17 నుంచి 20 మిల్లీమీటర్లకు పెరిగితే కంటికి పెద్ద తేడా కనిపించదు. బరువు మాత్రం 38 శాతం పెరుగుతుంది, 56 గ్రాములు 77 అవుతాయి. మూడు మిల్లీమీటర్లకు 75 క్యాలరీలు! వేర్వేరు సైజుల చిల్లులున్న కొలత పలకలు బజార్లో దొరుకుతాయి. అవి వేళ్లకంటే నయం. కానీ చిల్లులోకి పోగులను ఎంత బిగించి దూర్చారన్నదాన్ని బట్టి వాటిలోనూ బరువు మారుతుంది. పలకను కొన్న రోజే ఒక్కసారి అందులో పట్టినంత తూచి, చిల్లు పక్కన గ్రాములు రాసుకుంటే అప్పుడది నమ్మదగ్గ కొలత అవుతుంది.

కప్పు కొలత మరీ అన్యాయం. ఉడికిన గవ్వల పాస్తా ఒక కప్పులో 105 గ్రాములు పడితే, ఉడికిన స్పగెట్టీని అదే కప్పులో అదిమి పెడితే 150 గ్రాములు పడుతుంది. క్యాలరీల్లో చెప్పాలంటే ఒకటి 166, ఇంకోటి 237. స్పగెట్టీనే అదమకుండా వదులుగా వేస్తే 124 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఆకారాల మధ్య గాలి ఎంత మిగిలిందన్నదే కప్పు కొలిచేది. పాస్తా క్యాలరీలకు సంబంధించినంతవరకు, పది గ్రాముల తేడాలో చెప్పే మామూలు స్కేల్ కూడా అందమైన కప్పుల సెట్టు కంటే ఎన్నో రెట్లు మేలు.

అసలు ఒకరికి ఎంత పాస్తా అన్నది కూడా దేశాన్ని బట్టి మారిపోయే మాట. అమెరికా ప్యాకెట్ల మీద ఒక వడ్డన అంటే 2 ఔన్సులు, అంటే 56 గ్రాముల ఎండు పాస్తా, దాదాపు 200 క్యాలరీలు. ఇటలీలో పోషకాహార నిపుణులు సూచించే ప్రామాణిక వడ్డన 80 గ్రాములు, దాదాపు 284 క్యాలరీలు. బ్రిటన్ ప్యాకెట్ల మీద 75 గ్రాములని తరచుగా కనిపిస్తుంది. వంటల పుస్తకాల్లో 100 గ్రాములు, అంతకు పైనా కనిపిస్తాయి. కాబట్టి ‘ఒక సర్వింగ్ తిన్నాను’ అని రాసుకోవడం వల్ల లెక్కకేమీ ప్రయోజనం లేదు, గ్రాములే రాసుకోవాలి. ఇంకో సంగతి, లేబుల్ మీది వడ్డన ఇంత తినమని ఇచ్చిన సలహా కాదు, ప్యాకెట్లను పోల్చి చూసుకోవడానికి ఇచ్చిన ప్రమాణం. రోజుకు 2,400 క్యాలరీలు కావలసిన మనిషి 120 గ్రాముల ఎండు పాస్తా తిన్నా తప్పేమీ లేదు. 120 తిని 56 అని రాసుకుంటేనే లెక్క చెడుతుంది.

ముందు పెట్టిన పరిమాణమే తినే మోతాదును నిర్ణయిస్తుందనడానికి పాస్తాతోనే చేసిన ఒక మంచి ప్రయోగం ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లకు వేర్వేరు రోజుల్లో మాకరోనీ అండ్ చీజ్‌ను 500 నుంచి 1,000 గ్రాముల దాకా నాలుగు పరిమాణాల్లో ఇచ్చారు. ఎంత కావాలంటే అంత తినొచ్చు, మిగతాది వదిలేయొచ్చు. 500 గ్రాములు ఇచ్చినరోజు కంటే 1,000 గ్రాములు ఇచ్చినరోజు వాళ్లు 30 శాతం ఎక్కువ క్యాలరీలు తిన్నారు. కళ్లూ కడుపూ కలిసి ఇచ్చే తీర్పు గిన్నె సైజును బట్టి మారిపోతుందన్నమాట. తూకం పనికొచ్చేది ఇక్కడే, వడ్డించకముందు.

పాస్తాను గ్రాము తేడా లేకుండా తూచి, ఆ తర్వాత సీసాలోంచి నూనె ధారగా వంచేసేవాళ్లు చాలామంది. ఇంతవరకు చెప్పిన జాగ్రత్తంతా ఆ ఒక్క ధారతో వృథా అవుతుంది. ఆలివ్ నూనె 100 గ్రాములకు 884 క్యాలరీలు. 15 మిల్లీలీటర్ల టేబుల్ స్పూన్ ఒకటి దాదాపు 120. రెండు స్పూన్లంటే 240, అంటే ఇంకో 68 గ్రాముల ఎండు పాస్తా తిన్నట్టే. తురిమిన పార్మెజాన్ లాంటి గట్టి చీజ్ 100 గ్రాములకు 400 చుట్టుపక్కల ఉంటుంది. ప్లేటు మీద రెండు గుప్పెళ్లు చల్లితే సులభంగా 25 గ్రాములు దాటుతుంది, 100 క్యాలరీలు. చిక్కటి క్రీమ్ 100 గ్రాములకు 340 దాకా ఉంటుంది. డబ్బాలో వచ్చే టమాటాల గుజ్జులోనేమో అదే 100 గ్రాములకు 20, 30 మాత్రమే. 80 గ్రాముల ఎండు పాస్తాతో చేసిన రెండు ప్లేట్లు, ఒకటి టమాటా గుజ్జూ ఒక చెంచాడు నూనెతో, ఇంకోటి క్రీమూ చీజూ వెన్నతో, 400కూ 900కూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. తేడా అంతా పైన వేసినదానిదే, పాస్తాది కాదు.

నూనెకు స్పూన్ కూడా అంత నమ్మకమైన కొలత కాదు, అంచు దాకా నింపితే ఒకటి, పైకి ఉబ్బేలా నింపితే ఇంకోటి. సీసానే స్కేల్ మీద పెట్టి సున్నా చేసి, నూనె పోశాక మళ్లీ స్కేల్ మీద పెడితే ఎంత తగ్గిందో గ్రాముల్లో కనబడుతుంది. చీజ్‌కూ, వెన్నకూ ఇదే పద్ధతి. కొవ్వు ఎంత ఎక్కువున్న పదార్థమైతే అంత జాగ్రత్తగా తూచాలి, ఎందుకంటే ఒక్క గ్రాము తప్పితే 9 క్యాలరీలు పోతాయి. ఉల్లిపాయ, టమాటా, పుట్టగొడుగుల లాంటివి 20 గ్రాములు అటూ ఇటూ అయినా పది క్యాలరీల తేడా కూడా రాదు. వాటికోసం స్కేల్ తీయకపోయినా నష్టం లేదు. ఇక పాస్తా ఉడికే నీళ్లలో వేసే నూనె పైనే తేలి, వార్చినప్పుడు చాలావరకు నీళ్లతోనే పోతుంది. దాన్ని పూర్తిగా లెక్కలో వేస్తే ఎక్కువ రాసినట్టవుతుంది. అది వేయకపోవడమే మేలు, పాస్తాకు దానివల్ల ఒరిగేదీ లేదు.

సాస్‌తో కలిపి వండే లసాన్యా, ఓవెన్‌లో కాల్చిన పాస్తా లాంటివాటికి విడిగా తూచడం కుదరదు. అక్కడ మొత్తం వంటకాన్నే ఒక పదార్థంగా లెక్కించాలి. వేసిన ప్రతిదాని క్యాలరీలూ కూడి, వంటయ్యాక మొత్తం బరువుతో భాగిస్తే గ్రాముకెన్నో వస్తుంది. మొత్తం 2,400 క్యాలరీలు, తయారైన బరువు 1,500 గ్రాములైతే గ్రాముకు 1.6. ప్లేటులో 300 గ్రాములుంటే 480. ఓవెన్‌లో ఆవిరైన నీళ్లు, పాస్తా పీల్చుకున్న సాస్ అన్నీ ఆ చివరి బరువులోనే సర్దుకుపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తినేదానికీ ఇదే అంకె సరిపోతుంది. మూత లేకుండా పెట్టి అది ఎండిపోతే మాత్రం మళ్లీ తూచి, మిగిలిన క్యాలరీలను కొత్త బరువుతో భాగించుకోవాలి.

తాజా పాస్తా ఎండు పాస్తా లాంటిది కాదు. అందులో అప్పటికే నీళ్లు ఎక్కువ, చాలాసార్లు గుడ్లూ ఉంటాయి. 100 గ్రాములకు 270, 290 క్యాలరీల దగ్గర ఉంటుంది, ఉడికాక అంతగా ఉబ్బదు. దాన్ని ఎండు పాస్తా కింద రాస్తే దాదాపు పావు వంతు ఎక్కువ పడుతుంది. లోపల చీజో మాంసమో కూరిన రకాలకు ఏ సగటూ పనికిరాదు, ప్యాకెట్ మీద ఉన్నదే ఆధారం.

గోధుమ పొట్టుతో సహా చేసిన పాస్తాలో క్యాలరీలు బాగా తక్కువని చాలామంది నమ్మకం. ప్యాకెట్ తిప్పి చూస్తే 100 గ్రాములకు 340, 350 ఉంటాయి. పీచు ఎక్కువ, కడుపు నిండిన భావన ఎక్కువసేపు ఉండొచ్చు, అది మంచి కారణమే. క్యాలరీల కోసం మాత్రం మారాల్సిన పని లేదు. శనగపిండితోనో ఎర్ర పప్పుతోనో చేసిన పాస్తాదీ అదే కథ, ప్రొటీన్ బాగా పెరుగుతుంది, క్యాలరీలు పెద్దగా తగ్గవు.

ఉడికించి చల్లార్చి తింటే పాస్తాలో క్యాలరీలు సగమైపోతాయన్న మాట ఇంకా విచిత్రం. చల్లారినప్పుడు పిండిపదార్థంలో కొంత భాగం చిన్నపేగులో సులభంగా అరగని రూపంలోకి మారుతుందన్నది నిజం. దానికి గ్రాముకు 4 బదులు దాదాపు 2 క్యాలరీలు లెక్కగడతారు. ఒక పూట పాస్తాలో అదనంగా 3 గ్రాములు అలా మారిందనుకున్నా తగ్గేది 6 క్యాలరీలు. రక్తంలో చక్కెర పెరిగే తీరులో కొంత మేలు జరగొచ్చు గానీ, క్యాలరీల పుస్తకంలో దానికి చోటు లేదు. ఉడికే నీళ్లలోకి కరిగిపోయే పిండి దీనికంటే కాస్త ఎక్కువే. మంచి పాస్తాలో సుమారు 5 శాతం నీళ్లలో కలుస్తుందనుకుంటే 80 గ్రాములకు 14 క్యాలరీలు పోతాయి. ఆ నీళ్లనే కొద్దిగా సాస్‌లో కలుపుకుంటే అందులో కొంత తిరిగి వస్తుంది.

ఈ చిన్న అంకెలను పట్టించుకోవాలా అంటే, అక్కర్లేదు. లేబులే అంత కచ్చితం కాదు మరి. అమెరికా నిబంధనల ప్రకారం అసలు క్యాలరీలు లేబుల్ మీద చెప్పినదానికంటే 20 శాతం ఎక్కువున్నా చెల్లుతుంది. అక్కడ 50 దాటిన అంకెలను దగ్గరి పదికి సవరించి వేస్తారు. ఐరోపా మార్గదర్శకాల్లో పిండిపదార్థం 100 గ్రాములకు 40 గ్రాములు మించి ఉన్న ఆహారానికి 8 గ్రాములు అటూ ఇటూ అనుమతి ఉంది, అంటే దాదాపు 32 క్యాలరీలు. పాస్తా చాలా సాదా పదార్థం కాబట్టి మామూలుగా అంత తేడా రాదు. అయినా 80 గ్రాముల బదులు 81 పడిందని ఒక్క పోగు తీసి పక్కన పెట్టడంలో అర్థం లేదు. ఒక పోగుకు 3 క్యాలరీల పైచిలుకు, లేబుల్ అంకెలోని వెసులుబాటు దానికి ఎన్నో రెట్లు. ఎండా ఉడికినదా అన్నది, నూనె, చీజ్, ఈ మూడూ సరిచూసుకున్నవాళ్లు లెక్కలో తొంభై పాళ్లు సాధించినట్టే.

ఇంత చేసినా మనుషులు తిన్నది తక్కువగా రాసుకుంటారన్నది పరిశోధకులకు ఎప్పటినుంచో తెలుసు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పిన కొందరిని పరీక్షించారు. వాళ్లు రాసుకున్న క్యాలరీలు నిజంగా తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువ. వాళ్లు అబద్ధం ఆడారని అనుకోనక్కర్లేదు. గరిటెలో మిగిలిన సాస్, తురుముతూ నోట్లో వేసుకున్న చీజ్ ముక్క, పిల్లల ప్లేటులో మిగిలిందని తినేసిన నాలుగు ముద్దలు, ఇవేవీ పుస్తకంలోకి ఎక్కవు. కంటితో వేసిన అంచనాలు కూడా ఎక్కువగా తక్కువవైపే మొగ్గుతాయి.

హోటల్లో స్కేల్ ఉండదు, ఎండు బరువు ఎవరూ చెప్పరు. అక్కడ ఒకే అంకె రాసి నిశ్చింతగా ఉండడం కంటే ఒక పరిధి అనుకోవడం నిజాయితీ. ఇంట్లో 80, 100, 120 గ్రాముల ఎండు పాస్తా ఉడికాక ఒకే ప్లేటులో ఎలా కనిపిస్తుందో ఒక్కోసారి చూసి పెట్టుకున్నవాళ్లకు ఆ అంచనా బాగా కుదురుతుంది. పాస్తా మెరుస్తూ ఉంటే, తిన్నాక ప్లేటు అడుగున నూనె నిలిస్తే కనీసం రెండు టేబుల్ స్పూన్ల కొవ్వు వేసుకోవాలి. క్రీమ్ సాస్ అయితే అంతకంటే ఎక్కువే.

తూచడం కొందరికి సాయం, ఇంకొందరికి భారం. తూచకుండా తినాలంటే టెన్షన్ వస్తోందన్నా, స్నేహితులు భోజనానికి పిలిస్తే లెక్క తప్పుతుందని మానేస్తున్నా స్కేల్ లోపల పెట్టేయాల్సిన సమయం వచ్చినట్టే. తిండి విషయంలో ఇదివరకు ఇబ్బంది పడినవాళ్లు డాక్టర్‌తోనో డైటీషియన్‌తోనో మాట్లాడకుండా ఈ లెక్కలు మొదలుపెట్టకపోవడమే మంచిది. మిగతావాళ్లకు కూడా ప్రతి పూటా తూచడం జీవితాంతం సాగాల్సిన పని కాదు. కొన్ని వారాలు శ్రద్ధగా చేస్తే గిన్నెలో ఎంత పోస్తే ఎన్ని గ్రాములో చేతికి తెలిసిపోతుంది. ఆ తర్వాత నెలకోసారి తూచి, చేతి అంచనా ఎటు జరిగిందో సరిచూసుకుంటే సరిపోతుంది. మామూలుగా అది ఎక్కువవైపే జరుగుతుంది, 80 అనుకుని పోసింది 95 తూగుతుంది.